ఆనాటి సునీతా రాణి ఇవాళ్టి ట్రాక్‌పై పరుగెత్తితే..? హనుమకొండ స్టేడియం చెప్పిన 4 మీటర్ల లెక్క!

మైకేల్ జోర్డాన్ ఇవాళ్టి బాస్కెట్‌బాల్‌లో ఆడితే నిలబడతాడా? సచిన్ కుర్రాడిగా ఇప్పుడు ఐపీఎల్‌కి వస్తే ఎంత కొడతాడు? ఈ ప్రశ్నలు వేస్తే చాలు, సుబేదారి టీ కొట్టు దగ్గరైనా, వాట్సాప్ గ్రూపులోనైనా గొడవ మొదలైనట్టే. ఒకరు "ఆ రోజులే వేరు" అంటారు. ఇంకొకరు "ఇప్పటి ఫిట్‌నెస్ ముందు వాళ్లెంత" అంటారు. తెల్లారినా తేలదు.

తేలకపోవడానికి కారణం ఉంది. బాస్కెట్‌బాల్, క్రికెట్ లాంటి ఆటల్లో ఎదుటి మనిషి ఉంటాడు, రూల్స్ మారుతుంటాయి. కొలవడానికి స్కేల్ అంటూ ఏదీ ఉండదు. కానీ ఒక ఆటలో మాత్రం స్కేల్ ఉంది. అదే పరుగు. గడియారానికి అభిమానం ఉండదు కదా. మరి గడియారాన్ని అడిగితే పాత చాంపియన్ గొప్పా, కొత్త చాంపియన్ గొప్పా అన్నది తేలిపోతుందా?

దీనికి జవాబు వెతకడానికి అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. సుబేదారికి దగ్గర్లోనే ఉన్న హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం.. అదే మనోళ్లు జేఎన్ఎస్ అని పిలుచుకునే గ్రౌండ్.. 2021 సెప్టెంబర్‌లో ఒక పాత చాంపియన్‌కీ, ఒక కొత్త చాంపియన్‌కీ మధ్య 19 ఏళ్ల పోటీకి వేదికైంది. ఇద్దరూ ఒకే రోజు పరుగెత్తలేదు. అయినా పోటీ జరిగింది.

అసలేం జరిగిందంటే..

2021 సెప్టెంబర్ 15 నుంచి 19 వరకు 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్ జేఎన్ఎస్‌లో జరిగింది. అప్పటికి అక్కడి సింథటిక్ ట్రాక్ కొత్తది. మహిళల 1500 మీటర్ల పరుగులో పంజాబ్ అమ్మాయి హర్మిలన్ బైన్స్ 4 నిమిషాల 5.39 సెకన్లలో గీత దాటింది. అది జాతీయ రికార్డు. అప్పటిదాకా ఆ రికార్డు సునీతా రాణి పేరు మీద ఉంది. 2002 అక్టోబర్‌లో దక్షిణ కొరియాలోని బుసాన్ ఆసియా క్రీడల్లో ఆమె 4 నిమిషాల 6.03 సెకన్లలో పరుగెత్తి స్వర్ణం గెలిచింది.

తేడా ఎంత? 0.64 సెకను. కనురెప్ప రెండు మూడుసార్లు కొట్టేంత సమయం.

దీన్ని దూరంలోకి మార్చి చూద్దాం. హర్మిలన్ ఆ రోజు సగటున సెకనుకు 6.1 మీటర్ల చొప్పున పరుగెత్తింది. అంటే బుసాన్ సునీతనూ, హనుమకొండ హర్మిలన్‌నూ ఒకే ట్రాక్ మీద పక్కపక్కన నిలబెట్టి తుపాకీ పేలిస్తే, మూడు ముప్పావు రౌండ్లు తిరిగొచ్చాక ఇద్దరి మధ్య దూరం దాదాపు 4 మీటర్లు. ఒక కారు పొడవు. 19 ఏళ్లలో దేశం ముందుకు వెళ్లిన దూరం అంతే!

ఈ వేగం ఎంతో అర్థం కావాలంటే కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేసిన వాళ్లని అడగండి. 2022 తెలంగాణ పోలీసు నియామకాల్లో మహిళలకు 800 మీటర్లకు ఇచ్చిన గడువు 5 నిమిషాల 20 సెకన్లు. హర్మిలన్ 1500 మీటర్ల పరుగులో ఉన్న వేగంతోనే వెళ్తే 800 మీటర్లు 2 నిమిషాల 11 సెకన్లలో అయిపోతాయి. అక్కడితో ఆగకుండా మరో 700 మీటర్లు అదే ఊపులో పోవాలి. సునీత వేగమూ ఇంచుమించు ఇదే. రౌండ్‌కి 65 సెకన్ల పైచిలుకు.

అయితే కొత్తామే గొప్పా? ఆగండి..

గడియారం మాటే ఫైనల్ అనుకుంటే కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ రెండేళ్ల తర్వాత జరిగింది చూస్తే లెక్క మొత్తం తిరగబడుతుంది.

2023లో హాంగ్జౌ ఆసియా క్రీడలు జరిగాయి. హర్మిలన్ 1500 మీటర్లలో రజతం గెలిచింది. టైమ్ 4 నిమిషాల 12.74 సెకన్లు. స్వర్ణం గెలిచిన బహ్రెయిన్ రన్నర్ విన్‌ఫ్రెడ్ యావి టైమ్ 4 నిమిషాల 11.65 సెకన్లు. ఇప్పుడు 2002 నాటి సునీత టైమ్‌ని దాని పక్కన పెట్టండి. 4:06.03. అంటే 21 ఏళ్ల కిందటి సునీత హాంగ్జౌ రేసులో ఉంటే, స్వర్ణ విజేత కంటే ఐదున్నర సెకన్ల ముందు, 30 మీటర్లకు పైగా ముందు గీత దాటి ఉండేది!

ఇలా అంకెల్ని పక్కపక్కన పెట్టి "చూశారా, పాతామే గొప్ప" అనేయడం సోషల్ మీడియాకి బాగుంటుంది. కానీ అది కూడా నిజం కాదు. పతకం కోసం పరిగెత్తే రేసు వేరు, టైమ్ కోసం పరిగెత్తే రేసు వేరు. ఆసియా క్రీడల ఫైనల్లో రికార్డు ఎవరికీ అక్కర్లేదు. ముందు ముగ్గురిలో ఉంటే చాలు. అందుకే మొదటి రెండు రౌండ్లు ఒకరినొకరు చూసుకుంటూ నెమ్మదిగా తిరుగుతారు. గాలికి ఎదురు నిలబడి ముందు నడిచే పని ఎవరూ నెత్తిన వేసుకోరు. చివరి 300 మీటర్లలోనే అసలు యుద్ధం. అలాంటి రేసులో టైమ్ నెమ్మదిగా ఉందంటే రన్నర్లు బలహీనులని కాదు, తెలివిగా ఉన్నారని.

అలాంటి రేసులోనే సునీత 4:06 తీసిందంటే.. అదీ అసలు ఆలోచించాల్సిన సంగతి. బుసాన్‌లో ఎవరూ నెమ్మదిగా తిరగలేదన్నమాట. జాతీయ పోటీ రేసుకీ, ఆసియా ఫైనల్‌కీ ఉన్న ఒత్తిడి తేడాని ఏ స్టాప్‌వాచ్ కొలవలేదు.

"ఇవాళ ఆడితే" అంటే అసలు అర్థమేంటి?

ఈ చర్చలు తేలకపోవడానికి అసలు కారణం, ఒకే ప్రశ్న అనుకుని మూడు వేర్వేరు ప్రశ్నలు అడగడమే. టైమ్ మెషీన్‌లో ఎక్కించి ఆనాటి మనిషిని ఉన్నపళంగా ఇవాళ దింపితే ఎలా ఉంటుంది అన్నది ఒకటి. అదే మనిషి ఇవాళే పుట్టి, ఇప్పటి తిండి తిని, ఇప్పటి కోచింగ్ తీసుకుంటే అన్నది మరొకటి. తన కాలం వాళ్ల కంటే ఎంత ముందున్నారు అన్నది ఇంకొకటి. టీ కొట్టు దగ్గర ఒకాయన మొదటిదాని గురించి మాట్లాడుతుంటే, ఎదుటాయన మూడోదానికి జవాబు చెబుతుంటాడు. ఇక తేలేదెక్కడ?

బాస్కెట్‌బాల్‌లో విల్ట్ చాంబర్లేన్ సంగతే చూడండి. 1962 మార్చి 2న ఒక్క మ్యాచ్‌లో 100 పాయింట్లు కొట్టాడు. ఎన్‌బీఏలో ఇప్పటికీ అది చెక్కుచెదరని రికార్డు. కానీ ఆ రోజుల్లో మూడు పాయింట్ల గీతే లేదు. అది 1979లో వచ్చింది. మరోపక్క, బుట్ట కింద అతని ఆధిపత్యం చూసి 1964లో ఆ పెయింట్ ఏరియా వెడల్పుని 12 అడుగుల నుంచి 16 అడుగులకు పెంచారు. అంటే ఒక ఆటగాడి వల్ల ఆట కొలతలే మారాయి. మరి ఏ కోర్టులో ఆడించి అతన్ని ఇప్పటివాళ్లతో పోల్చాలి?

మన తెలుగు మూలాలున్న సి.కె.నాయుడు విషయంలోనూ అంతే. 1926 డిసెంబర్ 1న బాంబే జింఖానాలో ఎంసీసీ మీద 153 పరుగులు కొట్టి అందులో 11 సిక్సర్లు బాదాడు. హెల్మెట్ లేదు, ఇవాళ్టి బ్యాట్లు లేవు. ఆరేళ్ల తర్వాత 1932లో లార్డ్స్‌లో భారత్ తొలి టెస్టుకు కెప్టెన్ ఆయనే. టీ20ల్లో ఆయన స్ట్రైక్ రేట్ ఎంత ఉండేదో ఎవరికి నచ్చిన అంకె వాళ్లు చెప్పుకోవచ్చు. కాదనే ఆధారం ఎవరి దగ్గరా లేదు, ఔననే ఆధారం కూడా లేదు.

పరుగులో అయితే కనీసం కొన్ని ఆధారాలున్నాయి. కొద్దిగా తవ్వి చూడొచ్చు.

బూట్లు, ట్రాక్.. ఇవి ఇచ్చే లాభం ఎంత?

పాత రన్నర్లకి అన్యాయం జరుగుతోందని అనేవాళ్లు ముందుగా చూపించేది ఇదే. 1936 బెర్లిన్ హీరో జెస్సీ ఓవెన్స్ కాలంలో స్టార్టింగ్ బ్లాకులు లేవు. చిన్న తాపీ లాంటి దానితో మట్టిలో గుంతలు తవ్వుకుని, అందులో కాలు పెట్టి లేచేవాళ్లు. ట్రాక్ అంటే బొగ్గు రజను పోసి చదును చేసిన సిండర్ ట్రాక్. కాలు మోపిన ప్రతిసారీ కొంత బలం ఆ రజనులో కలిసిపోయేది. ఒలింపిక్స్‌లో సింథటిక్ ట్రాక్ వచ్చింది 1968 మెక్సికో సిటీలో.

మన మిల్ఖా సింగ్ 1960 రోమ్‌లో 400 మీటర్లలో నాలుగో స్థానంలో నిలిచిన పరుగు సిండర్ ట్రాక్ మీదే. చేతి గడియారం 45.6 చూపిస్తే, ఎలక్ట్రానిక్ లెక్క 45.73 అంది. ఒకే పరుగుకి రెండు టైమ్‌లు! చేత్తో నొక్కే మనిషి తుపాకీ శబ్దం విని స్పందించే లోపు ఆ పిసరంత సమయం రన్నర్‌కి లాభంగా మిగిలిపోతుంది. ఆ రికార్డును దేశంలో దాటడానికి 1998 దాకా పట్టింది. పరమ్‌జీత్ సింగ్ 45.70తో దాటాడు. 2019లో మహ్మద్ అనస్ 45.21కి తెచ్చాడు. అంటే బొగ్గు రజను మీది మిల్ఖాకీ, రబ్బరు ట్రాక్ మీది అనస్‌కీ తేడా అర సెకను. ఆ అర సెకనులో ట్రాక్ వాటా ఎంత, మనిషి వాటా ఎంత అన్నది ఎవరికి వాళ్లు ఆలోచించుకోవాల్సిందే. హనుమకొండ మీట్‌కి మూడు నెలల ముందే, 2021 జూన్‌లో మిల్ఖా కన్నుమూశారు.

సునీత కేసులో ట్రాక్ సాకు చెల్లదు. బుసాన్‌లోనూ సింథటిక్ ట్రాకే. కానీ 2002కీ ఇప్పటికీ మధ్య మారిన పెద్ద విషయం బూట్లు. గత కొన్నేళ్లుగా మిడిల్ డిస్టెన్స్ స్పైక్స్‌లో బరువు తక్కువగా ఉండి స్ప్రింగులా వెనక్కి తోసే కొత్త రకం ఫోమ్, గట్టి ప్లేట్ వచ్చాయి. వీటిని సూపర్ స్పైక్స్ అంటున్నారు. ఇవి శ్రుతి మించుతున్నాయని వరల్డ్ అథ్లెటిక్స్ సోల్ మందానికి హద్దు పెట్టింది. 2024 నవంబర్ 1 నుంచి ట్రాక్ ఈవెంట్లన్నింటికీ ఆ హద్దు 20 మిల్లీమీటర్లు. లాభమే లేకపోతే హద్దు ఎందుకు పెడతారు?

మరి ఆ లాభం ఎంత ఉండొచ్చు? ఇక్కడే 2025 జూన్‌లో పారిస్‌లో జరిగిన ఒక ప్రయత్నం పనికొస్తుంది. 1500 మీటర్లలో వరుసగా మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన కెన్యా రన్నర్ ఫెయిత్ కిప్యెగోన్, మైలు దూరాన్ని 4 నిమిషాల్లోపు పూర్తి చేయాలని బరిలోకి దిగింది. ఆమె కోసమే తయారైన స్పైక్స్. గాలి నిరోధం తగ్గించే ప్రత్యేక సూట్. చుట్టూ గోడలా పరుగెత్తడానికి పదిమందికి పైగా పేసర్లు. ఖర్చుకి వెనకాడలేదు, సైన్స్‌కి తక్కువ చేయలేదు. ఫలితం? 4 నిమిషాల 6.42 సెకన్లు. అంతకు ముందు 2023లో మామూలు రేసులో ఆమె మైలు రికార్డు 4:07.64. ఇన్ని హంగుల తర్వాత తగ్గింది 1.22 సెకన్లు. శాతంలో చెప్పాలంటే అర శాతం. రూల్స్‌కి లోబడని ఏర్పాట్లు కాబట్టి ఆ టైమ్ రికార్డు పుస్తకంలోకి కూడా ఎక్కలేదు.

ఒక్క రోజు, ఒక్క మనిషి మీద జరిగిన ప్రయత్నాన్ని శాస్త్రంలా పట్టుకోకూడదు. కానీ సరదాకి ఆ అర శాతాన్నే సునీత టైమ్‌లోంచి తీసేసి చూద్దాం. 4:06.03లో అర శాతం అంటే 1.23 సెకన్లు. తీసేస్తే వచ్చేది 4:04.80.

ఇప్పుడు అసలు ట్విస్ట్. హర్మిలన్ హనుమకొండ రికార్డు కూడా ఎక్కువ కాలం నిలవలేదు. 2024 మేలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో కె.ఎం.దీక్ష 4 నిమిషాల 4.78 సెకన్లలో పరుగెత్తి దాన్ని బద్దలు కొట్టింది. 4:04.80కీ 4:04.78కీ మధ్య తేడా సెకనులో యాభయ్యో వంతు. అంటే సునీతకి కేవలం అర శాతం సాయం అందితే చాలు, 22 ఏళ్ల తర్వాతి జాతీయ రికార్డుతో భుజం భుజం కలిపి గీత దాటేది. అలాగని దీక్ష గొప్పదనం ఏమీ తగ్గదు. కాగితం మీద అర శాతం తగ్గించడం తేలిక, ట్రాక్ మీద అది ఆమె కాళ్లతో తగ్గించింది.

ఒకే ఇంట్లో రెండు కాలాలు

ఈ కథలో గడియారానికి అందని ముచ్చట ఒకటుంది. హర్మిలన్ తల్లి మాధురీ సక్సేనా కూడా రన్నరే. 2002 బుసాన్ ఆసియా క్రీడల్లో 800 మీటర్ల రజతం ఆమెదే. అంటే ఏ క్రీడల్లో సునీత ఆ 4:06.03 రికార్డు పెట్టిందో, అవే క్రీడల్లో హర్మిలన్ తల్లి పతకం గెలిచింది. అప్పటికి హర్మిలన్ వయసు నాలుగేళ్లు. తల్లి సహచరి రికార్డుని కూతురు 19 ఏళ్ల తర్వాత మన హనుమకొండకొచ్చి చెరిపేసింది. 2023 హాంగ్జౌలో 800 మీటర్లలోనూ హర్మిలన్ రజతమే గెలిచింది. అమ్మ పతకమే, అదే ఈవెంట్, 21 ఏళ్ల తేడా.

మరో విషయం. హర్మిలన్ కడుపులో ఉండగానే మాధురి ఉద్యోగం కోసం పరుగు పరీక్షకు వెళ్లాల్సి వచ్చిందని ఆ కుటుంబం మీడియాకి చెప్పింది. బిడ్డ పుట్టిన నాలుగేళ్లకి ఆసియా రజతం. ఆ కాలంలో ప్రసవం తర్వాత తిరిగొచ్చే అథ్లెట్‌కి స్పాన్సర్, ఫిజియో, న్యూట్రిషనిస్ట్ అనేవి ఎంత దూరపు మాటలో చెప్పక్కర్లేదు. పైన చెప్పుకున్న కిప్యెగోన్ కూడా 2018లో తల్లయింది, ఆ తర్వాతే రెండు ఒలింపిక్ స్వర్ణాలు, ప్రపంచ రికార్డులు వచ్చాయి. "మాధురి ఇవాళ పుట్టి ఉంటే" అనే ప్రశ్న వేయాల్సింది ఇక్కడ. బూట్ల దగ్గర కాదు.

సునీతకైతే గడియారం కంటే పెద్ద పరీక్ష ల్యాబ్‌లో ఎదురైంది. బుసాన్ స్వర్ణం మెడలో పడిన కొద్ది రోజులకే నాండ్రోలోన్ పాజిటివ్ అని తేల్చి పతకాలు లాక్కున్నారు. దేశమంతా దుమారం. పరీక్ష నివేదికల్లో తేడాలున్నాయని తర్వాత బయటపడింది. 2003లో ఆమెను నిర్దోషిగా తేల్చి పతకాలు వెనక్కిచ్చారు. 1500 మీటర్ల స్వర్ణం, 5000 మీటర్ల కాంస్యం రెండూ. పేరు తిరిగొచ్చింది. కానీ పీక్‌లో ఉన్న రన్నర్‌కి ఆ నెలలు ఎవరిస్తారు? "ఆ కాలం"తో పోల్చేటప్పుడు ఈ లెక్క ఎవరూ వేయరు.

రికార్డుల పుస్తకం కూడా మనిషే రాస్తాడు

గడియారం నిజం చెప్పినా, దాన్ని పుస్తకంలో ఎక్కించాలా వద్దా అన్నది రూల్స్ చేతిలో ఉంటుంది. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీకి ఇది బాగా తెలుసు. 100 మీటర్ల హర్డిల్స్‌లో అనురాధా బిస్వాల్ 2002లో పెట్టిన 13.38 రికార్డుని జ్యోతి 2020 జనవరిలోనే మూడబిద్రిలో 13.03తో దాటేసింది. కానీ అక్కడ డోప్ టెస్ట్ జరగలేదు, అందుకని లెక్కలోకి రాలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09. ఈసారి వెనక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు. రూల్ ప్రకారం 2.0 దాటకూడదు. మళ్లీ పోయింది. చివరికి అదే ఏడాది మేలో సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23తో రికార్డు ఆమె పేరు మీదకొచ్చింది. గమనించారా? పుస్తకంలోకెక్కిన పరుగు, ఎక్కని రెండింటి కంటే నెమ్మదిది! తర్వాత 2023లో 12.78 దాకా వెళ్లింది లెండి.

ఇక పి.టి.ఉష పేరు లేకుండా ఈ చర్చ పూర్తి కాదు. 1984 లాస్ ఏంజెలెస్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో 55.42 సెకన్లు. సెకనులో వందో వంతుతో కాంస్యం పోయింది. ఆ 55.42ని దేశంలో అందుకోవడానికి 39 ఏళ్లు పట్టింది. 2023 హాంగ్జౌ హీట్స్‌లో విత్యా రామ్‌రాజ్ కచ్చితంగా 55.42 పరుగెత్తింది. దాటలేదు, సమం చేసింది. ఉష విషయంలో టైమ్ మెషీన్ కూడా అక్కర్లేదు. 1984 ఉష ఉన్నదున్నట్టు హాంగ్జౌ ఫైనల్‌కి వచ్చినా పతకం గ్యారంటీ. అక్కడ విత్యకి కాంస్యం తెచ్చిన టైమ్ 55.68.

వరంగల్ అమ్మాయికి కాలం ఎంత వేగంగా మారిందంటే..

పాత కాలం, కొత్త కాలం అంటే ఇరవై, ముప్పై ఏళ్లే అనుకోనక్కర్లేదు. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి 2024 మేలో జపాన్‌లోని కోబెలో టీ20 విభాగం 400 మీటర్లను 55.07 సెకన్లలో పూర్తి చేసి ప్రపంచ రికార్డు సృష్టించింది. సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్ వచ్చేసరికి టర్కీ రన్నర్ ఐసెల్ ఓండర్ హీట్స్‌లోనే 54.96తో దాన్ని దాటేసింది. నాలుగు నెలలు కూడా కాలేదు! అయితే మర్నాడు ఫైనల్లో ఆ కొత్త రికార్డు హోల్డర్‌కి దక్కింది రజతం. స్వర్ణం ఉక్రెయిన్ అమ్మాయి యూలియా షూలియార్‌ది, దీప్తికి కాంస్యం. అత్యుత్తమ టైమ్ ఒకరిది, స్వర్ణం ఇంకొకరిది.

(దీప్తి 55.07నీ, ఉష 55.42నీ పక్కపక్కన పెట్టి పోస్టులు పెట్టేవాళ్లకి ఒక మాట. ఒకటి ఖాళీ ట్రాక్ మీద 400 మీటర్లు, రెండోది పది హర్డిల్స్ దాటుతూ 400 మీటర్లు. విభాగాలూ వేరు. పోల్చకండి.)

మరి జేఎన్ఎస్‌లో ప్రాక్టీస్ చేసే అమ్మాయికి దీంతో పనేంటి?

పని ఉంది. ఎందుకంటే ఇవాళ అథ్లెట్ ముందు ఉన్న గీత పాత చాంపియన్ రికార్డు కాదు, ఎంట్రీ స్టాండర్డ్. టోక్యో ఒలింపిక్స్‌కి మహిళల 1500 మీటర్ల అర్హత టైమ్ 4:04.20. హనుమకొండలో హర్మిలన్ పెట్టిన జాతీయ రికార్డు కూడా దానికి సరిపోయేది కాదు. పారిస్‌కి వచ్చేసరికి ఆ గీతని 4:02.50కి జరిపారు. దీక్ష రికార్డు కూడా దానికి రెండు సెకన్ల పైనే దూరం. దేశంలో అందరికంటే వేగంగా పరుగెత్తిన అమ్మాయి కూడా నేరుగా ఒలింపిక్ టికెట్ పట్టలేని పరిస్థితి ఇది.

ప్రపంచం ఎటు పోతోందో చూస్తే ఇంకా స్పష్టం. 1993లో చైనా రన్నర్ చూ యున్‌షియా 3:50.46 పరుగెత్తింది. ఆ కాలపు చైనా రికార్డుల మీద డోపింగ్ అనుమానాలు ఇప్పటికీ పోలేదు. దాన్ని దాటడానికి 22 ఏళ్లు పట్టింది. 2015లో ఇథియోపియా రన్నర్ గెన్జెబే దిబాబా 3:50.07. ఆ తర్వాత కిప్యెగోన్ చేతికొచ్చాక 2023, 2024, 2025లో వరుసగా తగ్గుతూ 3:48.68కి చేరింది. మన జాతీయ రికార్డుకీ దానికీ మధ్య 16 సెకన్లు. అంటే కిప్యెగోన్ గీత దాటే సమయానికి మన రికార్డు హోల్డర్ ఇంకా చివరి మలుపు తిరిగి ముగింపు రేఖ వైపు వస్తూ ఉంటుంది, దాదాపు 100 మీటర్ల వెనక.

సునీత ఇవాళ పరుగెత్తితే? బుసాన్ కాళ్లతో, ఇప్పటి బూట్లతో వస్తే దేశంలో నంబర్ వన్ కోసం దీక్షతో ఢీ అంటే ఢీ. ఆసియాలో పతకం రేసులో కచ్చితంగా ఉంటుంది. నెమ్మదిగా సాగే ఫైనల్ అయితే ఆమెకే ఎక్కువ చాన్స్ అని కూడా అనొచ్చు. ఒలింపిక్ అర్హతకి మాత్రం ఇంకో రెండు సెకన్లు వెతుక్కోవాల్సిందే. ఆ రెండు సెకన్లు బూట్లలో దొరకవు. చిన్నప్పటి నుంచి సరైన తిండి, ఎత్తైన ప్రాంతాల్లో ట్రైనింగ్, పేసర్లుండే విదేశీ మీట్లకి ఏటా నాలుగైదుసార్లు వెళ్లే డబ్బు.. ఇలాంటి చోట దొరుకుతాయి. దీక్ష రికార్డు వచ్చింది కూడా అమెరికా మీట్‌లోనే కదా.

ఆ సౌకర్యాల్లో కొన్నైనా ఇప్పుడు ఊళ్లకి వస్తున్నాయి. పారిస్ కాంస్యం తర్వాత దీప్తికి తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది. అయితే ఇవన్నీ పతకం వచ్చాక వచ్చేవి. పతకానికి ముందు కావాల్సింది జేఎన్ఎస్ లాంటి ట్రాక్, దాని మీద రోజూ పరుగెత్తనిచ్చే గేటు, గంటల కొద్దీ స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడే కోచ్. 2021 సెప్టెంబర్‌లో దేశపు రికార్డుని చెరిపిన ఆ గీత మీద ఈసారి టైమ్ నోట్ చేసుకునేది ఏ కల్లెడ నుంచో, ఏ పరకాల నుంచో వచ్చే అమ్మాయి కావచ్చు. ఆమెకి కావాల్సిన అంకె 4:06 కాదు. 4:02.